నేరేడు చెట్టు మోసిన నీళ్లు

2022 ఫిబ్రవరిలో తాండూరు ఊరి చివర, కొడంగల్ వైపు పోయే రోడ్డు పక్కన నేనొక నేరేడు చెట్టును ముప్పై అడుగులు వెనక్కి జరిపాను. ముప్పై అడుగులంటే ఎంత, పది పన్నెండు అంగలు. ఆ నేరేడుకు పదింతలు పెద్ద చెట్లను లారీల మీద ఊళ్లు దాటించిన వాణ్ని. అయినా నీ పనిలో మరిచిపోలేనిది ఒకటి చెప్పమని ఎవరన్నా అడిగితే ఈ ముప్పై అడుగుల గురించే చెప్తాను.

వికారాబాద్ దగ్గర నాకొక చిన్న నర్సరీ ఉంది. మొక్కలు అమ్ముతాను. కానీ పదిహేనేళ్లుగా జనం నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఇంకో పనికి. ఉన్నచోట ఉండే వీలు లేని చెట్టును వేళ్లతో సహా లేపి మరోచోట నాటుతాను. మా పనిలో దీన్ని ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటారు. చెట్టు చుట్టూ కందకం తవ్వి, వేళ్లు పట్టుకున్న మట్టిని చెదరకుండా గోనెపట్టాతో బిగించి కట్టి పైకి లేపుతాం. ఆ మట్టిముద్ద పేరు రూట్ బాల్. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు చెట్టు ప్రాణం, నా ప్రాణం రెండూ గొంతులోనే ఉంటాయి.

ఈ పనిలో నాకూ చెట్టు యజమానికీ ఎప్పుడూ పోట్లాట వచ్చేది ఒక్కచోటే. ఆకుల దగ్గర. లేపే ముందు చెట్టుకున్న ఆకుల్లో చాలా భాగం కోసేయాలి. ఎందుకంటే చెట్టు నీళ్లు తాగేది లావు వేళ్లతో కాదు, వాటి చివర ఉండే సన్నని పీచువేళ్లతో. అవి మాను నుంచి దూరదూరంగా పాకి ఉంటాయి. కందకం తవ్వితే వాటిలో ఎక్కువ భాగం తెగిపోతాయి. పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. ఆకు అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి, వాటిని స్టొమాటా అంటారు. పగలంతా చెట్టులోని నీరు వాటిగుండా ఆవిరై గాలిలో కలుస్తూనే ఉంటుంది. దీని పేరు ట్రాన్స్‌పిరేషన్. బడిలో మనం బాష్పోత్సేకం అని బట్టీపట్టి, పరీక్ష రాసి, ఇంటికొచ్చి మరిచిపోయింది ఇదే. కింద తాగే దారి తెగి, పైన పోయే దారి తెరిచే ఉంటే చెట్టు నిలబడినచోటే ఎండిపోతుంది.

ఇదంతా నేను కస్టమర్లకు చెప్పేవాణ్ని. నా నోరు అసలే మంచిది కాదు. రెండుసార్లు చెప్పి, మూడోసారి అరిచేవాణ్ని.

అంజమ్మ కథకు ముందు ఒక సంపెంగ చెట్టు సంగతి చెప్పకపోతే నేను దాచినట్టవుతుంది. అంతకు రెండేళ్ల ముందు ఇదే తాండూరులో ఒక పప్పుల వ్యాపారి కొత్త ఇల్లు కట్టాడు. పాత ఇంటి సంపెంగను కొత్త ఇంటి గుమ్మం ముందుకు తెమ్మన్నాడు. నేను ఆకులు కోస్తానంటే ఆయన చేతులు అడ్డం పెట్టాడు.

"పదకొండు రోజులకు గృహప్రవేశం ఉన్నది. గుమ్మం ముంగట బోడిచెట్టు ఉంటే వచ్చినోళ్లు ఏమనుకుంటరు? జర పచ్చగనే ఉండనియ్యండ్రి" అన్నాడు.

నేను అరిచాను. ఆయన అరవలేదు, బతిమాలాడు. బతిమాలితే నేను కరిగిపోతాను, అదొక జబ్బు నాకు. ఆకులు ముట్టకుండా జరిపాను. గృహప్రవేశం నాడు సంపెంగ నిండుగా పచ్చగా ఉంది, వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఇరవై రోజులకు ఆకులన్నీ ఎండి కొమ్మలకే వేలాడాయి. మా పనిలో ఒక గుర్తుంది. ఆకు రాలితే చెట్టు బతకడానికి చూస్తోందని అర్థం. ఆకు ఎండి కూడా రాలకుండా కొమ్మను పట్టుకునే ఉంటే అయిపోయిందని అర్థం. ఆ వ్యాపారి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తరువాత ఆకులు కోయనివ్వని వాళ్ల చెట్టు జోలికి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున అరవైకి దగ్గర పడిన ఒకామె తాండూరు నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చి నా నర్సరీ గేటు ముందు నిలబడింది. చీర కుచ్చిళ్ల మీద టీపొడి మరకలున్నాయి.

"చెట్లను లేపి పెట్టే సారు నువ్వేనా?" అంది.

"నేనే. ఏం చెట్టు?"

"నేరేడు. నా పేరు అంజమ్మ. తాండూరుల చాయ్ హోటల్ నాది. రోడ్డు ఎడల్పు చేస్తున్నరు గద, నా హోటల్ రోడ్డుల పోతున్నది. హోటల్‌ది ఏమున్నది, నాలుగు రేకులు ఎనకకు ఏసుకుంట. చెట్టును ఎట్ల ఎనకకు ఏసుకోవాలె? గందుకే వచ్చిన."

మర్నాడే వెళ్లి చూశాను. రోడ్డుకు ఆనుకుని రేకుల హోటల్, దాని మీదికి వంగిన నేరేడు, వెనక ఆమె ఇల్లు, ఇంటి పక్కన ఖాళీ జాగా. చుట్టూ బండలు పాలిష్ చేసే మిషన్లు. ఆ తెల్లటి దుమ్ము పడి చెట్టు ఆకులు బూడిద రంగులో ఉన్నాయి. చేతికి అందే ఆకులను మాత్రం ఆమె రోజూ తడిబట్టతో తుడుస్తుందట, అవి నల్లటి ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. చెట్టు వయసు తొమ్మిదేళ్లు, మాను మనిషి తొడంత లావు. లేపడానికి సరైన వయసే. రోడ్డు పనుల ఇంజనీరు రోజూ అక్కడే చాయ్ తాగుతాడు. ఒక పూట జేసీబీ, క్రేన్ ఇస్తానని మాట ఇచ్చాడు. కానీ ఇరవై రోజుల్లో చెట్టు తీయకపోతే తామే కొట్టేయాల్సి వస్తుందని కూడా చెప్పాడు.

"ఇంత ఆరాటం ఎందుకమ్మా? కొత్త మొక్క ఇస్త, నాలుగేండ్లకు ఇంతదైతది" అన్నాను.

ఆమె స్టవ్ మంట తగ్గించి నా వైపు తిరిగింది. ఆమె పుట్టిల్లు మోమిన్‌పేట్. ఆ ఇంటి వాకిట్లో నేరేడు చెట్టు ఉండేది. దాని గింజ మొలిస్తే ఆ మొక్కను తమ్ముడు నర్సిములు తన ఆటోలో ముందు సీటు మీద పెట్టుకుని తాండూరు దాకా తెచ్చి ఇక్కడ నాటాడు. తరువాత పుట్టింటి గోడలు కూలాయి, జాగా అమ్ముడైంది. కిందటేడు కరోనాలో నర్సిములు పోయాడు.

"ఆడోళ్లకు తమ్ముడుంటేనే పుట్టిల్లు సారు. ఇల్లు లేదు, వాడు లేడు. నాకు మిగిలింది గీ చెట్టే" అంది. కళ్లలో తడి లేదు. మళ్లీ స్టవ్ మంట పెంచింది.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుని, అలవాటు ప్రకారం ఆకుల మాట ఎత్తాను. ఆమె మొహం మారిపోయింది.

"ఏమంటున్నవ్ సారు? ఆకులు కోస్తవా? గిట్ల బోడిగ నిలవెడ్తవా? నా తమ్ముడు పెట్టిన చెట్టు. ఒక్క ఆకు ముట్టనియ్య."

"ముట్టకపోతే చస్తది."

"పచ్చగున్నది ఎట్ల చస్తది? కోస్తేనే చస్తది."

నాకు తిక్క రేగింది. "అయితే ఇంకెవరినన్న పిలుసుకో అమ్మా" అని సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాను. రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది కూడా. ఎక్కబోయేవాణ్ని, ఆ వ్యాపారి గుమ్మం ముందు ఎండుటాకులతో నిలబడ్డ సంపెంగ కళ్ల ముందు కనిపించింది. అక్కడ లొంగిపోయి చంపాను. ఇక్కడ అలిగి వెళ్లిపోతే ఇది గొడ్డలికి పోతుంది. రెంటికీ తేడా ఏముంది అనిపించింది. ఆటోను పొమ్మని వెనక్కి వచ్చాను.

"బన్నుల కవర్లు ఉన్నయా?" అని అడిగాను.

ఆమె వింతగా చూసి, బన్నులు వచ్చే, లోపలిది బయటికి కనిపించే పెద్ద తెల్ల ప్లాస్టిక్ కవర్లు రెండు ఇచ్చింది. లోపలి పొడి దులిపి, తడి లేదని ఆమెకే చూపించాను. ఒక కవర్‌ను ఎండ తగిలే కొమ్మ చివర, పాతిక ముప్పై ఆకులు లోపలికి వచ్చేట్టు తొడిగి మూతి దారంతో బిగించాను. రెండోది ఆకులు రాలిపోయి ఉత్త పుల్లగా మిగిలిన కొమ్మకు కట్టాను. అప్పుడు పొద్దున పది దాటింది.

"గిదేంది సారు?"

"ఏం లేదు. చాయ్ పొయ్యి. కూసుందాం."

అరగంటకు ఆకులున్న కవర్ లోపల మసక కమ్మింది. గంటకు మసక చుక్కలైంది. పన్నెండున్నరకు చుక్కలు జారి కవర్ అడుగు మూలలో నీళ్లు నిలిచాయి. ఉత్త పుల్లకు కట్టిన కవర్ మాత్రం కట్టినప్పటిలాగే పొడిగా ఉంది. నేను గెలిచిన మొహం పెట్టుకుని ఆమె వైపు చూశాను.

"మంచు పడ్డది" అంది అంజమ్మ.

"పన్నెండు గంటలకు మంచా? పుల్లకు కట్టిన దాంట్ల పడలేదేం మరి?"

"ఏమో. నువ్వేమన్న మాయ చేసినవేమో నాకేం ఎరుక."

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "సరే, నేను పోతున్న. రేపు నువ్వే కట్టుకో, నీ చేతులతోని. నచ్చిన కొమ్మకు, నచ్చిన వేళకు" అని చెప్పి బండెక్కాను. నిజం చెప్పాలంటే ఆమె కడుతుందని నేను అనుకోలేదు.

మూడో రోజు వెళ్లేసరికి హోటల్ ముందు పదిమంది గుమిగూడి పైకి చూస్తున్నారు. చెట్టు నిండా కవర్లు. లెక్కపెడితే పదకొండు. పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసే వాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని ఏ కవర్‌లో ఎక్కువ నీళ్లు వస్తాయో వాదించుకుంటున్నారు. అంజమ్మ స్టూల్ ఎక్కి ఒక కవర్ మూతి విప్పి, నీళ్లు చాయ్ గ్లాసులోకి వంచుతోంది.

నన్ను చూడగానే దిగింది. "సారు, నేను మొన్న నిన్ను నమ్మలే. ఇప్పుడు ఇను" అంది. ఆ తరువాత ఆమె చెప్పింది నేను నోరు మూసుకుని విన్నాను. ఎండ తగిలే కొమ్మకు పావు గ్లాసు వస్తే, నీడలో కొమ్మకు అడుగు తడిసేంతే వచ్చిందట. పొద్దుగూకినాక కట్టి తెల్లారి చూస్తే దాదాపు ఏమీ లేదట. మబ్బు పట్టిన పూట తక్కువట. గాలికి ఆకులు చిరిగిన కొమ్మకు కూడా తక్కువేనట. నేను ఆమెకు వీటిలో ఒక్కటీ చెప్పలేదు. చదువు రాని మనిషి, చాయ్ గ్లాసు కొలతతో, రెండు రోజుల్లో ఆ చెట్టు దినచర్య మొత్తం పట్టేసింది.

"పొద్దటిపూట మొదలుపెడ్తది, నడిపొద్దుకు మస్తు తీస్తది, పొద్దుగూకితే పండుకుంటది. అచ్చం నా లెక్కనే" అంది.

"తాగి చూసినవా?" అన్నాను ఊరికే.

"చూడకుంట ఉంటనా? సప్పగున్నయ్. మా బోరు నీళ్లయితే ఉప్పగ, నాలికకు మందంగ ఉంటయ్. గిన్నెల సున్నం పొర కడ్తది, ఎంత తోమినా పోదు. చెట్టు తాగేది గా నీళ్లే గద? మరి గా సున్నం ఏడ పోయింది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. ఆకు నుంచి బయటికొచ్చేది ఉత్త నీరే, లవణాలు చెట్టులోనే ఉండిపోతాయి. ఆ సంగతి నాకు పదిహేనేళ్లుగా తెలుసు. కానీ ఏనాడూ ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూడాలని తోచలేదు. ఆమె ఆ పదకొండు కవర్ల నీళ్లన్నీ ఒక చిన్న గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టింది. కాస్త పొడి, కాస్త చక్కెర, చివర్లో పాలు. ఒక్క గ్లాసు చాయ్ అయింది. ఇద్దరం చెరి సగం తాగాం. ఆ రుచి ఎలా చెప్పాలో నాకు రాదు. తాండూరు నేల కింద బండల సందుల్లో ఎక్కడో ఉన్న నీరు, వేళ్లు పట్టుకుని, మాను ఎక్కి, ఆకు అడుగున సూది మోపలేని రంధ్రం దాటి, నా చేతిలోకి చాయ్‌గా వచ్చింది.

అంజమ్మ గ్లాసు కింద పెట్టి చెట్టు వైపు చూస్తూ కూర్చుంది.

"ఏడేండ్ల పిల్లప్పటి సంది నీళ్లు మోసిన సారు. మోమిన్‌పేట్‌ల బాయికాడికెల్లి, ఈడికి వచ్చినంక బోరింగ్ కాడికెల్లి. నా అంత నీళ్లు మోసినోళ్లు లేరనుకున్న. ఇది తొమ్మిదేండ్ల సంది నా నెత్తి మీద నిలబడి, బిందె లేకుంట, సప్పుడు లేకుంట మోస్తనే ఉన్నది. నేను చూడనే లేదు."

కొంతసేపటికి ఆమే మళ్లీ అంది. "అంటే వేర్లు తెగినంక కూడా గిన్ని ఆకులు నీళ్లు పోగొడ్తనే ఉంటయ్. కిందికెల్లి అందించేటోళ్లు ఉండరు. గంతేనా నువ్వు చెప్పేది?"

"గంతే."

"మొదలే గిట్ల సమజ్ చేస్తే అయిపోయేది గద. ఊకె ఒర్రినవ్."

నా అరుపుల మాట ఎత్తేసరికి నేను తల దించుకున్నాను. ఆమె ఇంకా ఔనని మాత్రం అనలేదు. నాలుగు రోజులాగి రమ్మంది.

నాలుగో రోజు పనివాళ్లతో, రంపాలతో వెళ్లాను. చెట్టు మొదలు కడిగి ఉంది. మానుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. ఒక పళ్లెంలో గంధం, అక్షింతలు, కొత్త కత్తెర. నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఇది పెట్టి తొమ్మిదో ఏడు. బేసి ఏడు. పుట్టెంట్రుకలు తియ్యొచ్చు" అంది అంజమ్మ. "బోడి చేస్తున్నరంటే నా పానం ఒప్పలే. పుట్టెంట్రుకలు తీస్తున్నం అనుకుంటే ఒప్పింది. పిల్లలకు తీసినంక మంచిగ ఒత్తుగ వస్తయ్ గద."

బాగానే ఉంది అనుకున్నాను. పనివాణ్ని పిలవబోతే ఆమె ఆపింది.

"మొదటి కత్తెర మేనమామ పెట్టాలె. నా బిడ్డకు నర్సిములే పెట్టిండు. వాడు ఉంటే దీనికి కూడ వాడే పెట్టెటోడు." కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు కొయ్యి తమ్మీ."

అప్పటిదాకా నేను ఆమెకు సారును. నాకు పూజల మీద పెద్ద నమ్మకం లేదు. అయినా పళ్లెంలోని అక్షింతలు తీసి మాను మొదట్లో వేశాను. మూడు చిన్న రెమ్మలు కత్తిరించాను. అవి కింద పడకుండా, పిల్లల వెంట్రుకలు పట్టినట్టే, ఆమె కొంగు పట్టింది. తరువాత నా పనివాళ్లు ఎక్కి మిగతా కొమ్మలు కోశారు. కోసిన చోటల్లా బూజు పట్టకుండా మేము మందు పూస్తాం. మేము మందు పూసిన ప్రతిచోటా ఆమె వేలితో ఇంత గంధం అద్దింది. పై చివర మాత్రం ఒక గుప్పెడు ఆకులు ఉంచాను. మా లెక్క ప్రకారం ఆ మాత్రం ఉండొచ్చు. పిలక ఉంచినట్టే ఉందని ఆమె కూడా సంతోషపడింది.

ఆ సంతోషం సాయంత్రానికి పోయింది. కందకం తవ్వుతుంటే రెండున్నర అడుగుల లోతులోనే పార ఠంగుమంది. నాపరాయి. తాండూరు నేల అంతే, పైన కాస్త మట్టి, కింద బండ పరుపు. నేరేడు వేళ్లు లోపలికి పోయే దారి లేక ఆ బండ మీదే చాప పరిచినట్టు నలువైపులా పాకాయి. అంటే నేను అనుకున్నంత మందం రూట్ బాల్ రాదు. పలుచగా రొట్టెలా వస్తుంది. అనుకున్న దానికంటే చాలా ఎక్కువ వేళ్లు పోతాయి. నేను కందకంలోంచి పైకి చూసి చెప్పాను.

"పిలక కూడ తియ్యాలె అక్కా. ఒక్క ఆకు ఉంచినా కష్టమే."

ఆమె కందకం అంచున కూర్చుని తెగిన వేళ్లను చాలాసేపు చూసింది. ఈసారి పోట్లాడలేదు. "తియ్యి" అంది.

రెండు విడతలుగా కందకం తవ్వి, పది రోజుల తరువాత క్రేన్ తెప్పించాం. రూట్ బాల్‌కు కొత్త గోనెపట్టా చుట్టి కుడుతుంటే అంజమ్మ పాలిష్ పనివాళ్లకు చూపించి, "మేనమామ కొత్త బట్టలు తెచ్చిండు చూడుండ్రి" అని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది అదొక్కసారే. చెట్టు గాలిలోకి లేచినప్పుడు కళ్లు మూసుకుని, మట్టి మీద ఆనిన చప్పుడు విన్నాకే తెరిచింది. కొత్త గుంత అడుగున బండను ముందే పగలగొట్టించాను, వేళ్లకు ఈసారైనా లోపలికి దారి ఉండాలని.

ఆ తరువాత మార్చి, ఏప్రిల్. తాండూరు ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముప్పై అడుగుల వెనక ఒక మోడు నిలబడి ఉంది. అంజమ్మ మానుకు గోనెసంచులు చుట్టి పొద్దున, మధ్యాహ్నం తడిపేది. వచ్చేపోయేవాళ్లు "ఏందమ్మా, మొద్దుకు నీళ్లు పోస్తున్నవ్" అనేవారట. నేను ఫోన్ చేయడం తగ్గించాను. పని ఎక్కువై కాదు, భయమై. సంపెంగ ఎండిపోయిన తీరు ఇంకా కళ్ల ముందే ఉంది.

ఏప్రిల్ నెలాఖరుకు ఆమె ఫోన్ చేసింది. గొంతు పట్టలేనంత సంబరం. "తమ్మీ, చిగురు ఏసింది. ఎర్రగ, నాలుగు చోట్ల."

నేను ఆ సంబరం మీద నీళ్లు చల్లాను. చెప్పక తప్పలేదు. "అప్పుడే ఖుషీ కాకు అక్కా. మొద్దుల దాసుకున్న బలంతోని కూడ చిగురు వస్తది. కింద కొత్త వేరు పట్టకుంటే నెలకు మళ్లీ ఎండుతది. మస్తు సార్లు చూసిన."

"మరి వేరు పట్టింది లేంది ఎట్ల తెలుస్తది?"

"తెల్వది. తవ్వి చూడలేం గద. ఎదురుచూసుడే."

సరే అని పెట్టేసింది. తరువాత ఇరవై రోజులు ఫోన్ లేదు. మే నెల మధ్యలో ఒకరోజు, "తమ్మీ, జర వచ్చిపో" అంది. ఎందుకని అడిగితే వచ్చినంక చెప్తానంది. రైలులో కూర్చున్నంతసేపూ ఆమెకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ఆకులు ఎండి కొమ్మలకే వేలాడుతుంటాయని నాకు దాదాపు ఖాయమైపోయింది.

చెట్టుకు ఆకులున్నాయి. నిలువెల్లా లేవు, కానీ ఉన్నవి వాడిపోలేదు. కింది రెమ్మ ఒకదానికి మళ్లీ బన్నుల కవర్ కట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది.

"లేత ఆకుకు గింత ఎండల కవర్ కడ్తరా ఎవరన్న? ఉడికిపోదా?"

"ఒర్రకు. గంట సేపే కడ్త, పొద్దున ఏడుకు కట్టి ఎనిమిదికి ఇప్పుత. కూసో ముందు" అని నన్ను కొత్త రేకుల హోటల్ లోపలికి తీసుకుపోయింది.

గోడ మీద బొగ్గుతో గీతలు ఉన్నాయి. ఒక్కో రోజుకు ఒక్కో నిలువు గీత. మొదటివి ఉత్త చుక్కలు. తరువాత గోరంత గీతలు. పోనుపోను పొడుగయ్యాయి. చివరిది నా వేలంత ఉంది. పక్కన దగ్గు మందు సీసా మూత, కొలత గుర్తులు వేసి ఉండే ప్లాస్టిక్ మూత.

"చాయ్ గ్లాసుల పోస్తే కానొస్తలేదు, గంత తక్కువ. గందుకే గీ మూత తెచ్చిన" అంది అంజమ్మ. "అదే రెమ్మ, అదే గంట. మొదటి రోజులల్ల కవర్ మసకనే పట్టింది. ఇప్పుడు సగం మూత. నువ్వే అన్నవ్, మొద్దుల దాసుకున్న బలంతోని చిగురు వస్తదని. దాసుకున్నది అయితే రోజురోజుకు తగ్గాలె గద తమ్మీ. ఇది పెరుగుతున్నది. మరి గీ నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో నువ్వే చెప్పు."

నేను గోడ దగ్గరికి వెళ్లి మొదటి చుక్క నుంచి చివరి గీత దాకా వేలితో తడుముతూ వచ్చాను. తవ్వకుండా వేరు పట్టిందీ లేనిదీ తెలుసుకునే దారి లేదని పదిహేనేళ్లుగా అందరికీ చెప్తున్నాను. ఆ దారి బన్నుల కవర్‌లోనే ఉంది, దాన్ని ఆమెకు ఇచ్చింది నేనే. ఆమెను ఒప్పించడానికి ఒకసారి వాడుకుని పక్కన పడేశాను. ఆమె దాన్ని పట్టుకుని మట్టి లోపలికి చూసింది.

"వేరు పట్టింది అక్కా" అన్నాను.

ఆమె అప్పుడు ఏడ్చింది. తమ్ముడి సంగతి చెప్పినప్పుడు ఏడవని మనిషి, పిలక తీయమన్నప్పుడు ఏడవని మనిషి, ఆ సగం మూత నీళ్లు పట్టుకుని ఏడ్చింది.

"నా పుట్టిల్లు నీళ్లు తాగుతున్నది తమ్మీ" అంది.

ఇప్పుడు ఎవరన్నా చెట్టు జరపాలని నా దగ్గరికి వస్తే నేను అరవను, వాదించను. రెండు తెల్ల కవర్లు, మూరెడు దారం ఇచ్చి, ఒకటి ఆకులున్న కొమ్మకు, ఒకటి ఉత్త పుల్లకు కట్టి, మధ్యాహ్నం చూసి ఫోన్ చేయమంటాను. చెట్టు జరిపాక చిగురు వస్తే ఆ కవర్ మళ్లీ కట్టించి గీతలు గీయిస్తాను. చూసినవాళ్లు ఒక్కరు కూడా ఆకుల కోసం నాతో పోట్లాడలేదు. ఆ సంపెంగ విషయంలో నా తప్పు వ్యాపారికి లొంగిపోవడం అని చాలాకాలం అనుకున్నాను. అది కాదు. ఆయన పాత ఇంట్లోనే ఆ సంపెంగకు ఒక్క పూట ఒక్క కవర్ కట్టి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది. నాకు తెలిసినదాన్ని ఆయనకు వినిపించాలనుకున్నాను గానీ, చూపించాలని తోచలేదు.